సిందూరం పూసిన పళ్ళు

మిలిటరీ వేలంలో లారీ కొని సొంతానికి తిప్పుకునేవాళ్ళ గురించి రాయమని మా ఎడిటర్ గారు అడిగారు. కాగితాల సంగతి ఎవరైనా చెప్తారు. కొన్న బండి మొరాయించినప్పుడు దాన్ని ఎక్కడికి తోలుకెళ్తారో ఆ చోటు చూడాలని నాకు అనిపించింది. తెలిసినవాళ్ళను అడిగితే హైదరాబాద్ పక్కనున్న వెలిమెల పేరు చెప్పారు. కొల్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు దిగాక రెండు పక్కలా విల్లాల ప్రహరీ గోడలే. ఒక గోడ అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో రేకుల షెడ్డు, దాని ముందు రెండు మిలిటరీ బళ్ళు ఉన్నాయి. ఒకటి పాత శక్తిమాన్, వెనక క్రేను బిగించి ఉంది. హైవే మీద పడిపోయిన లారీలను లేపడం దాని పని. రెండోది స్టాలియన్. వేలంలో కొని ఎక్కువ రోజులు కాలేదు. ఒక పక్క మిలిటరీ పచ్చ గీకేశారు, రెండో పక్క అలాగే ఉంది.

షెడ్డు నడిపే పెద్దాయనను ఓనర్లూ డ్రైవర్లూ అందరూ కాకా అంటారు. నేనూ అలాగే పిలిచాను. సైన్యంలో బళ్ళు బాగుచేసే ఈఎంఈ విభాగంలో సర్వీసు చేసి వచ్చిన మనిషి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పని నేర్చుకుని, తర్వాత చలి ప్రాంతాల్లో, ఎడారుల్లో ఇవే బళ్ళు విప్పి బిగించాడు. నేను వెళ్ళేసరికి శక్తిమాన్ వెనక హౌజింగు బల్ల మీద ఉంది. వెనక చక్రాలను తిప్పే పళ్ళ చక్రాలు, క్రౌనూ పినియనూ, కొత్తవి వేస్తున్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఒక చిన్న మూతలో సిందూరం పోసి, అందులో రెండు చుక్కల నూనె వేసి, వేలితో రంగరించాడు. ఆ ముద్దను క్రౌను పళ్ళలో నాలుగైదింటికి మాత్రం పలచగా పూశాడు. పినియన్ తిప్పాడు, ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి. అప్పుడు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

“మంచిగ సూడు బిడ్డా. మరక యాడ వడ్డది?”

సిందూరం చెరిగిన చోట పంటి మీద మెరిసే మచ్చ కనిపించింది. పంటి నడుమ కాకుండా వెలుపలి అంచుకి జరిగి ఉంది. అట్లా పడితే రెండు పళ్ళూ అంచు మీదే బరువు మోస్తాయని, బండి బరువెత్తిన రోజున ఆ అంచు విరుగుతుందని చెప్పాడు. పినియన్ విప్పి, కాగితమంత పలచని షిమ్ము ఒకటి మార్చి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ సిందూరం, మళ్ళీ తిప్పడం. ఈసారి మచ్చ కొంచెం లోపలికి వచ్చింది. ఇంకా చాలలేదు. మళ్ళీ విప్పాడు. ఆ విప్పడం బిగించడం ఎన్నిసార్లు జరిగిందో గానీ ఒక్కసారి కూడా విసుగు పడలేదు. చివరికి మచ్చ పంటి నడుమ కోలగా నిలిచింది. అప్పుడు పళ్ళ మధ్య ఎంత ఆట ఉందో బొటనవేలితో అటూ ఇటూ కదిపి చూసి, ఆ తర్వాతే డయల్ గేజీ పెట్టాడు. గేజీ చూపించిన కొలత ఆయన వేలు ముందే చెప్పిన కొలతే.

నాకు ఆ చేతి మీద గౌరవం కలిగింది. అక్కడి నుంచి కదలాలనిపించలేదు. ఎడిటర్ గారు అడిగిన వేలం సంగతి ఆ చెయ్యి చూశాకే నాకు సరిగా అర్థమైంది.

శక్తిమాన్‌కు పెద్ద చరిత్రే ఉంది. కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉన్న రోజుల్లో జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో దీని తయారీ మొదలైంది. అక్కడే 1969లో వెహికల్ ఫ్యాక్టరీ ప్రత్యేకంగా వచ్చింది. 1971 యుద్ధంలో మన సైన్యాన్ని మోసింది ఈ బండే. 1996లో ఉత్పత్తి ఆపేశారు. దాని బదులు అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా వాళ్ళ ఎల్పీటీఏ వచ్చాయి. వీటితోపాటు నిస్సాన్ ఒక టన్ను బండి, నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉన్న జోంగా కూడా జబల్‌పూర్ నుంచే వచ్చాయి. కాలం తీరిన వీటన్నిటినీ సైన్యం మరమ్మతు గిట్టుబాటు కాదని రాసి వేలానికి పెడుతుంది. గిట్టుబాటు కానిది సైన్యానికే. కొన్న మనిషికి అందులో ఇంకా చాలా బతుకు ఉంటుంది. గుంతల్లో, బురదలో, క్వారీ దారుల్లో మామూలు లారీ కూరుకుపోయే చోట ఇది నాలుగు చక్రాలతో లాక్కుని వెళ్ళిపోతుంది.

స్టాలియన్ ఓనరు పక్కనే ఉన్నాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు మిషన్లు దింపే పని ఆయనది. వేలం ఎట్లా జరుగుతుందో చెప్పాడు. ఇప్పుడు ఎక్కువగా ప్రభుత్వ సంస్థ ఎంఎస్టీసీ వెబ్‌సైటులోనే. కొనుగోలుదారుగా పేరు నమోదు చేసుకోవాలి, ధరావతు కట్టాలి, చూసుకోవడానికి ఇచ్చిన రోజున వెళ్ళి బండి చూసుకోవాలి. ‘ఉన్నచోట ఉన్నట్టుగా’ అమ్ముతారు కాబట్టి ఇంజన్లో ఏముందో, గేరు బాక్సులో ఏం విరిగిందో తర్వాత అడగడానికి వీల్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా లాటు వివరాల్లో ఒక సంగతి చదవాలి. బండిని రోడ్డు మీద తిప్పుకునేందుకు కాగితాలు ఇస్తున్నారా, వట్టి తుక్కు కింద ఇస్తున్నారా? తుక్కు కింద కొంటే అది ఎంత బాగా నడిచే బండైనా నంబరు రాదు. కాగితాలిచ్చే బండికి సైన్యం అధికారులే ఫారం 21 అమ్మకం పత్రం ఇస్తారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 47వ నిబంధన మాజీ సైనిక వాహనాలకు ఆ పత్రం అసలు ప్రతినే అడుగుతుంది. జిరాక్సు పట్టుకుని వెళ్తే తిరిగి రావడమే.

రంగు సంగతి కూడా అంతే. 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బళ్ళకు తప్ప ఇంకే బండికీ ఆ పచ్చ రంగు ఉండకూడదు. అందుకే ఓనరు ముందుగా రంగు గీకిస్తున్నాడు. వెనక క్రేను బిగించాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పుకు అనుమతి తీసుకోవాలి. సరుకు రవాణా బండి కాబట్టి ఎనిమిదేళ్ళు దాటాక ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి. ఇవన్నీ చెప్తూ ఆయన ఒక మాటన్నాడు: “కాగితాలకు తిరిగి పాదాలు అరిగినయ్ గానీ, అది ఎట్లనో అయితది సార్. బండి లోపల పని తెలిసినోడు దొరుకుడే అసలు కష్టం.”

ఓనరు చెప్పిన ఈ కష్టం గురించే నాకు పట్టరాని కోపం వచ్చింది.

స్టాలియన్ కింద దూరి చూస్తే వెనక డిఫరెన్షియల్ గుండుకు తెల్ల రంగు వేసి ఉంది. దాని పైన చిన్న దీపం. రాత్రి కాన్వాయ్‌లో ముందు లైట్లన్నీ ఆర్పేసి నడిచేటప్పుడు ఈ దీపం ఆ తెల్ల గుండు మీద మాత్రమే పడుతుంది. వెనక వచ్చే డ్రైవరు ఆ తెల్లటి మచ్చను చూసుకుంటూ తోలుతాడు. దీని వైరింగ్ మామూలు లారీల్లో లేదు. తెలియని మెకానిక్ మొత్తం తెంపి పారేస్తాడు, దాంతో బ్రేకు లైట్లు కూడా పోతాయి. ఇంకొకటి, ముందు ఇరుసు వేసి తారు రోడ్డు మీద గంటల తరబడి తోలితే రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ బాక్సు పగిలిపోయే పాత బళ్ళు ఉన్నాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, గట్టి రోడ్డు మీద ఆ తేడా జారిపోవడానికి దారి ఉండదు, ఆ బలమంతా గేర్ల మీద పడుతుంది. సైన్యంలో డ్రైవరుకు ఇది మొదట్లోనే నేర్పుతారు. బయట కొన్నవాడికి ఎవరు చెప్పాలి?

ఎవరూ చెప్పరు. ప్రతి బండికీ సైన్యంలో పుస్తకాలు ఉంటాయి. ఏ నట్టు ఎంత బిగించాలి, ఏ సీలు ఎప్పుడు మార్చాలి అన్నీ రాసి ఉంటాయి. బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకం రాదు. ఆ బండికి ఏ ఏట ఏ మరమ్మతు జరిగిందో రాసిన చరిత్ర కూడా రాదు. నంబరులో బాణం గుర్తు తర్వాతి రెండంకెలు చూసి ఎప్పుడు సైన్యంలో చేరిందో చెప్పుకోవడమే మిగిలేది. ప్రజల డబ్బుతో తయారైన జ్ఞానం అది. యుద్ధ రహస్యం ఏమీ లేని లారీ పుస్తకం కొన్నవాడికి ఇస్తే దేశానికి ఏం నష్టం?

దీనికి సమాధానం చెప్పాల్సినవాళ్ళు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సైన్యం కోసం సరథ్ పదాతిదళ వాహనాలు చేస్తుంది. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను విడగొట్టినప్పుడు అదీ, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ రెండూ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే ఒకే ప్రభుత్వ సంస్థ కిందికి వచ్చాయి. శక్తిమాన్‌లు చేసిన ఫ్యాక్టరీ, ఇక్కడి ఫ్యాక్టరీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. పక్కనే ఇన్ని ఐటీఐలు ఉన్నాయి. ఏడాదికి ఒక బ్యాచ్ కుర్రాళ్ళను కాకా లాంటివాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, వేలంలోకి పోయే బళ్ళలో రెండింటిని విప్పించి నేర్పించడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? స్కానర్ తగిలిస్తే లోపం చెప్పే బళ్ళకు మెకానిక్‌లు వస్తున్నారు, రానివ్వండి. వేలితో ఆట చూసి క్రౌను కూర్చోబెట్టేవాళ్ళు పోతున్నారు. ఈ రెండోది పోతే తిరిగి రాదు, ఎందుకంటే ఇది పుస్తకంలోంచి మాత్రమే రాదు, పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

కాకా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. పెద్దవాడు కార్ల షోరూములో చేరబోతున్నాడు. జీతం నెల తిరగ్గానే వస్తుంది, పీఎఫ్ ఉంటుంది, బట్టలకు మరక అంటదు. వాణ్ణి ఎవరైనా ఎట్లా తప్పు పడతారు? కాకా కూడా పట్టలేదు. “పొమ్మన్న. పెండ్లి జేసుకోవాలె వాడు” అన్నాడు.

ఇంకో దిగులు ఉంది ఆయనకు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ ఉండదు, వాటిని నమోదైన తుక్కు కేంద్రాలకే పంపాలన్న నిబంధన వచ్చింది. దేశ రక్షణకు వాడే ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. అయినా గాలి అటే వీస్తోందని కాకా భయం. పొగ విషయంలో ఆ నిబంధన పెట్టినవాళ్ళ బాధ నాకు తెలుసు, పటాన్‌చెరు గాలి పీల్చినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. కానీ నెలలో ఏ కొద్ది రోజులో పని చేసే క్రేను బండికీ, రోజుకు వందల కిలోమీటర్లు తిరిగే బండికీ ఒకటే కొలత పెట్టడం సరికాదు. ఇంజన్ మార్చి, మంచి ఇరుసులూ చాసిస్సూ మిగుల్చుకునే దారి ఉండాలి.

షెడ్డు స్థలం లీజు ఈ దసరాతో అయిపోతుంది. పక్క వెంచరు వాళ్ళు కొంటున్నారట. వెలిమెల తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిసినప్పటి నుంచీ గజం లెక్కన తప్ప ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు, గ్రీజు మరకలున్న షెడ్డుకు విల్లాల మధ్య చోటు లేదు. కాకా సదాశివపేట దాటాక ఒక జాగా చూసుకున్నాడు. పెద్ద లేతు మిషన్ అక్కడ నడవాలంటే త్రీఫేజ్ కరెంటు కావాలి. దరఖాస్తు పెట్టాడు. లైను రాకపోతే క్రౌను పనులు మాని బ్రేకు లైనర్లు వేసుకుంటానన్నాడు. అది విని స్టాలియన్ ఓనరు కరెంటు ఆఫీసులో తెలిసినవాళ్ళు ఎవరున్నారో అప్పటికప్పుడే ఫోన్లు మొదలుపెట్టాడు.