నెలకో పెట్టె, పేజీకో ప్రశ్న

పిట్స్‌బర్గ్ పేరు చెబితే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పెన్ హిల్స్ వేంకటేశ్వరుడి గుడి. అదే ఊళ్లో, అలెగెనీ నదికి ఉత్తరాన, చిత్రకారుడు ఆండీ వార్హోల్ మ్యూజియం ఉంది. 1994లో తెరిచిన ఈ ఏడంతస్తుల భవనానికి చాలామంది వచ్చేది సూప్ డబ్బాల బొమ్మలు, మార్లిన్ మన్రో చిత్రాలు చూడటానికే. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం టైమ్ క్యాప్సూల్స్ అనే పెట్టెలు. 1974లో న్యూయార్క్‌లో స్టూడియో మారుతున్నప్పుడు మొదలుపెట్టి, 1987లో కన్నుమూసే దాకా వార్హోల్ వాటిని నింపుతూనే పోయాడు. మొత్తం 610. చాలావరకు మామూలు అట్టపెట్టెలే. లోపల ఉత్తరాలు, బిల్లులు, ఆహ్వానపత్రాలు, పత్రికలు, ఫొటోలు, ఎన్నడూ విప్పని కవర్లు. ఏ కాగితానికా కాగితం చెత్తబుట్టలో వేయదగ్గదే. అన్నిటినీ పక్కపక్కన పరిస్తే మాత్రం ఆ మనిషిని ఎవరు పిలిచారో, డబ్బు దేనికి ఖర్చుపెట్టాడో, దేన్ని పట్టించుకోలేదో బయటపడుతుంది.

టికెట్లు, రేపర్లు, చీటీలు ఒక పుస్తకంలో అంటించి పక్కన నాలుగు మాటలు రాసుకునే జంక్ జర్నల్‌కు ఇక్కడ గట్టి పాఠం ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగేది ఒకటే: ఏం అంటించాలి? దొరికే సలహాల్లో చాలావరకు రంగులు, పూలు, లేసుల గురించే. నా దృష్టిలో పేజీకి కావలసినవి రెండే: కాలానికో హద్దు, కాగితాలకో ప్రశ్న. నెలకో పెట్టె పెట్టుకుని అందులో అన్నీ పడేయండి, నెలాఖరున మూసి తేదీ వేయండి అని వార్హోల్ 1975లో వచ్చిన తన పుస్తకంలోనే చెప్పాడు. ఇంతకంటే మంచి మొదటి సూచన నాకు తెలియదు. మన అభిరుచి అందమైనదాన్నే ఏరుతుంది. నెల అనే హద్దుకు ఆ పక్షపాతం లేదు.

ఇక ప్రశ్నలు. ఈ నెల డబ్బు ఎటు పోయింది? కిరాణా చీటీ, కరెంటు బిల్లు, మందుల షాపు రసీదు ఒకే పేజీలోకి వస్తాయి. ఎవరెవరి చేతిరాత ఇంటికొచ్చింది? డాక్టరు రాసిన చీటీ, పాల లెక్క, పిల్లల లెక్కల కాగితం. ఎవరు పిలిచారు, వెళ్లామా? మూలల్లో పసుపు రాసిన పెళ్లికార్డు, దాని కింద రెండు వాక్యాలు. ఎవరూ చదవని కాగితమేది? మందు పెట్టెలో మడిచి పెట్టిన సన్నక్షరాల చీటీ. ఇలాంటి ప్రశ్నకు జవాబు రాయాలంటే ఆ నెలంతా మళ్లీ తలుచుకోక తప్పదు.

ఇది చెత్త పోగేసే అలవాటు కాదా అనవచ్చు. ఆ భయం న్యాయమైనదే. వార్హోల్ పెట్టెల్లోని సరుకును ఒక్కొక్కటిగా నమోదు చేయడానికి మ్యూజియం సిబ్బందికి ఏళ్లు పట్టింది. ఆయన దాచి వదిలేశాడు, ఏరే పని ఇతరులకు మిగిలింది. జర్నల్ ఆ పనిని మన చేతికే ఇస్తుంది: పెట్టెలోంచి కొన్ని ఏరి, రాసి, మిగిలినవి పారేయాలి. ఫోన్‌లో ఫొటో చాలదా అంటే, కాగితం మందం, మడత, నూనె మరక ఫొటోలోకి రావు. పైగా వేల ఫొటోల మధ్య బిల్లును వెతికేవారెవరు? దుకాణంలో దొరికే ముద్రిత కాగితాల కట్టలు అందంగానే ఉంటాయి, కానీ వాటిలో మన రోజు ఒక్కటీ లేదు. ఒక్క జాగ్రత్త: మెషీన్ బిల్లులు వేడికి అచ్చుపడే కాగితం మీద వస్తాయి, అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. జిరాక్స్ తీసి అంటించండి.

ఖరీదైన పుస్తకం కోసం ఆగకండి. ఒక పాత చెప్పుల పెట్టె తీసుకుని, మూత మీద ఈ నెల పేరు, సంవత్సరం రాసి, ఈ రోజే మొదలుపెట్టండి.