తూకానికేసే ముందు కాస్త ఆగండి వదినగారూ!

ఏమండీ వదినగారూ, ఆ పాత సామాన్ల బండివాడితో బేరం ఖాయం చేసేశారా? ‘పాత ఫ్రిజ్జులు కొంటాం, పాత వాషింగ్ మిషన్లు కొంటాం’ అని మైకు వినబడగానే మీరు గేటు తీశారు. చూసి, పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చాను. రేపు రమ్మన్నారా? అమ్మయ్య!

డబ్బుల సంగతి కాదండీ. వాడి మీద నాకు కోపమూ లేదు, ఎండనకా వాననకా తిరిగి బతుకుతున్నాడు. కానీ వాడికి కావలసింది మీ ఫ్రిజ్జులో కంప్రెసరూ, రాగి గొట్టమూనూ. ఆ గొట్టాన్ని పుటుక్కున తెంపారంటే లోపలి గ్యాసంతా బుస్సుమని గాల్లో కలుస్తుంది. మీ పెద్దాడు పుట్టిన ఏడు కొన్నామన్నారు కదా, వాడిప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ కాలం ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఆర్-12 అనే గ్యాసుండేది. ఓజోన్ పొరను తినేస్తుందని 2010కల్లా దాన్ని మన దేశంలో మాన్పించారు. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ, అదే బరువు కార్బన్ డయాక్సైడుతో పోలిస్తే భూమిని వెయ్యి రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. ఇప్పటివాటిలో ఆర్-600ఎ. దాంతో ఇంకో తంటా, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మీదాంట్లో ఏముందో కంప్రెసరు మీది స్టిక్కరు చూస్తే తెలుస్తుంది, అన్నయ్యగారిని టార్చి వేసి చూడమనండి.

వైర్ల సంగతి మరీ ఘోరం. పైతొక్క ఒలిచే ఓపిక లేక, రాగి కోసం ఊరవతల కుప్పపోసి కాల్చేస్తుంటారు. ఆ పొగలో డయాక్సిన్లుంటాయి. అది పీల్చేది ముందు ఆ కాల్చేవాళ్లూ, వాళ్ల పిల్లలూ.

మరెవరికివ్వాలంటారా? ఈ-వ్యర్థాలకి కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఫ్రిజ్జు దగ్గర్నించి ఇస్త్రీపెట్టె దాకా 106 రకాల సామాన్లు వాటి కిందికొస్తాయి. తయారుచేసిన కంపెనీలే, నమోదైన రీసైక్లర్ల ద్వారా లెక్క ప్రకారం పాత సరుకు సంగతి చూడాలి. అందుకని ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, పాతది ఎక్కడ తీసుకుంటారో కనుక్కోండి. ఎక్స్ఛేంజి అనగానే మాత్రం గుడ్డిగా నమ్మకండి. మా ఆడపడుచు దసరాకి ఎక్స్ఛేంజిలో ఇచ్చిన టీవీ, రెండ్రోజుల్లో తుక్కు బండి మీద దర్శనమిచ్చింది! ఆ షాపు పేరెందుకు లెండి. పాతది ఏ రీసైక్లరుకి పోతుందో అడగండి, రసీదు రాయించుకోండి. నీళ్లు నమిలారంటే ఇంకో షాపు చూసుకోవడమే. నాలుగు డబ్బులు తక్కువొచ్చినా ఫర్వాలేదు.

ఆ ఫ్రిజ్జు వసారాలో ఉన్నన్నాళ్లూ తలుపు గోడవైపుకి తిప్పి పెట్టించండి. పిల్లలు దాగుడుమూతలాడుతూ దూరితే లోపల గాలాడదు, తోసుకుని రావడమూ కష్టం.

అసలు అన్నీ పారేయక్కర్లేదు కూడా. మీ మిక్సీ అటకెక్కించారు కదా, దాని అడుగున ఎర్ర బటన్ నొక్కి చూశారా? గట్టి పిండి పడితే వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. చల్లారాక నొక్కితే చాలాసార్లు తిరుగుతుంది. తిరగలేదంటే కార్బన్ బ్రష్షులు అరిగాయేమో, రిపేరు షాపతనికి అదెంత పని! ఇన్వర్టరు బ్యాటరీకైతే దిగులే లేదు, లోపలి సీసానికి గిరాకీ కాబట్టి కొత్తది కొన్నచోటే ధర తగ్గించి తీసుకుంటారు. యాసిడ్ మాత్రం కాలవలో పొయ్యనివ్వకండి.

అయ్యో, ఆ కాలిపోయిన ట్యూబులైటు చెత్తడబ్బాలో గుచ్చుతున్నారేమిటి? పగిలితే లోపలి పాదరసం గాల్లో కలుస్తుంది. కొత్తదాని అట్టలో దూర్చి, పొద్దున మునిసిపాలిటీ బండి రాగానే తడి, పొడి చెత్తలో కలపకుండా ప్రమాదకర చెత్త అని చెప్పి ఆ అబ్బాయి చేతికే ఇవ్వండి.