ఏరనగా ఏమి?

మా కారేపల్లి రైలుమార్గముల కూడలి. డోర్నకల్లు నుండి వచ్చు దారి ఇచ్చట చీలి, ఒకటి ఇల్లెందునకును, మఱియొకటి కొత్తగూడెమునకును పోవును. దారులవలెనే భాషలును ఇచ్చట కలిసికొనును. అంగడినాడు తెలుగు, కోయ, లంబాడీ మాటలు ఒకే చెట్టునీడను వినవచ్చును. కోయ ద్రావిడ భాష. లంబాడీ ఆర్యభాషల కుటుంబములోనిది. ఈ మూడింటి నడుమ బ్రతుకంతయు పాఠములు చెప్పినవాడను గనుక, కంప్యూటరు భాషలను గూర్చి నా మనుమరాలు చెప్పిన సంగతి నాకంత క్రొత్తగా తోచలేదు.

ముందు బడి సంగతి చెప్పెదను. ఒకటవ తరగతిలో చేరిన కోయ బాలుడొకడు ఎండ మండు మధ్యాహ్నమున లేచి "ఏరు, ఏరు" అనెను. ఉపాధ్యాయుడు ఆ ప్రాంతమునకు క్రొత్తవాడు. పిల్లవాడు ఏటికి పోయి ఆడుకొనగోరుచున్నాడని తలచి, గద్దించి కూర్చుండబెట్టెను. కోయ భాషలో ఏరనగా నీరు! దాహమని చెప్పుకొన్న ఆ పసివాడు మరునాటి నుండి బడికి రాలేదు. వాని తండ్రిని బతిమాలి, మరల రప్పించుటకు పది దినములు పట్టెను. పిమ్మట ఐదవ తరగతి నుండి కోయ బాలుని ఒకనిని, లంబాడీ బాలికను ఒకతెను తెచ్చి పిన్నలతో కూర్చుండబెట్టితిమి. ఉపాధ్యాయుడు ఇరువురిని అడుగు ప్రశ్నలు అవియే: "ఈ మాటకు అర్థమేమి? ఇది ఒప్పా, తప్పా?"

నా మనుమరాలు హైదరాబాదులో ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగము చేయుచున్నది. దసరా సెలవులకు వచ్చినపుడు తన కోడ్ ఎడిటరును చూపెను. బాలలారా, అది ప్రోగ్రాములు వ్రాసికొను పలక వంటిది. తప్పు వ్రాసినచో ఎఱ్ఱగీత గీయును. సగము పదము వ్రాయగనే తక్కిన సగమును సూచించును. జావా భాషలో // అని రెండు వాలుగీతలు పెట్టినచో, ఆ పంక్తిలో అటుపై నున్నది మనుష్యులు చదువుకొనుటకే గాని యంత్రమునకు గాదు. పైథాన్ భాషలో అవే గీతలు భాగహారమునకు గుర్తు. 7 // 2 అని వ్రాసినచో శేషము విడిచి 3 వచ్చును.

"ఇదియు మన ఏరు వంటిదే గదా! మరి నీ ఎడిటరు ఇన్ని భాషలు ఎట్లు నేర్చినది?" అని అడిగితిని.

"అది నేర్వలేదు, తాతయ్యా. తెలిసినవారిని అడుగును" అనెను.

పూర్వము ప్రతి ఎడిటరునకును ప్రతి భాషను వేఱువేఱుగా నేర్పవలసి యుండెడిది. పది ఎడిటర్లు, ఇరువది భాషలు ఉన్నచో 200 పనులు. 2016 జూన్ నెలలో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలు కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అను ఒప్పందమును ప్రకటించెను. విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరు కొఱకు మైక్రోసాఫ్ట్ వారు కల్పించిన పద్ధతియే దానికి మూలము. (అప్పటికి ఆ సంస్థ అధిపతి హైదరాబాదువాడైన సత్య నాదెళ్ల.) ఒక్కొక్క భాషకు ఒక్కొక్క సర్వరు ఉండును. ఎడిటరు అన్నింటిని ఒకే తీరున ప్రశ్నించును: "ఈ పంక్తిలో ఈ స్థానమున నున్న పేరు మొదట ఎచ్చట నిర్వచింపబడినది? ఇచ్చట ఏ పదము రాదగును?" పైథానును ఎఱిగినది పైథానుకు, జావాను ఎఱిగినది జావాకు బదులు చెప్పును. 200 పనులు 30 అయ్యెను. తప్పులను మాత్రము సర్వరు సాధారణముగా అడుగకయే చెప్పును. మా లంబాడీ బాలికయు అంతే; ఉపాధ్యాయుడు నోరు తెరవకముందే "తప్పు, సారూ!" అనెడిది.

తెలుగు పండితుడనగుటచే నాకొక సందేహము కలిగెను. తప్పు ఎచ్చట నున్నదో సర్వరు అంకెతో చెప్పును గదా. ఆ అంకెను లెక్కించుట ఎట్లు? 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరము. యూనికోడులో అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని ఆఱు. ఎడిటరు ఒకటియని, సర్వరు ఆఱని లెక్కించినచో ఎఱ్ఱగీత వేఱొక పదము క్రింద పడును! అందుచే లెక్కించు పద్ధతియు ఒప్పందములోనే చేర్చిరి. మొదట యూటీఎఫ్-16 అను పద్ధతి యొక్కటే ఉండెడిది. 2022లో వెలువడిన 3.17వ కూర్పుతో, ఏ పద్ధతిని లెక్కింపవలెనో ఇరువురును ముందుగనే నిర్ణయించుకొను వీలు కలిగెను.

పరీక్షింపుమని కోరితిని. ఆమె కొటేషను గుర్తుల నడుమ 'స్త్రీ' అని వ్రాసి, దాని ప్రక్క కావలెనని ఒక తప్పు చేసెను. గీత సరిగా తప్పు క్రిందనే పడెను. అంతట 'జ్యోత్స్న' వ్రాయుమంటిని. కంటికి రెండక్షరములు, లెక్కకు తొమ్మిది. అప్పుడును గీత తొలగలేదు.