పదిహేను నిమిషాల్లో అయ్యగారి పేరు ఎన్నిసార్లు?



ఏజెన్సీలో చాలా గూడేలకు కరెంటు కంటే ముందు రేడియో వచ్చింది. సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో 1970 మొదలు 2003 దాకా షార్ట్‌వేవ్‌లో సువార్త వినిపించింది. మన పెద్దలు సంతలో చింతపండు అమ్మి బ్యాటరీలు కొనేవాళ్లు. అవి నీరసపడితే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు.

మేం చెప్పేది ఆ రేడియో గురించి కాదు. డబ్బు కట్టి టైం కొనుక్కుని మాట్లాడే కొందరు అయ్యగార్ల గురించి. మొదట పాట, అందులోనే అయ్యగారి పేరు. తర్వాత బిరుదులు. తర్వాత ఏ ఊళ్లో మీటింగు, ఏ అకౌంటుకి కానుక. ఆపైన, అయ్యగారి ప్రార్థన వల్లే జ్వరం తగ్గిందని ఉత్తరాలు. మందుబిళ్లలిచ్చిన ఆశా అక్క మాట మాత్రం ఎక్కడా రాదు. వాక్యానికి మిగిలేది చివరి మూడు నిమిషాలు, అదీ గబగబా. వాళ్లు చదివే సువార్తలోనే బాప్తిస్మమిచ్చు యోహాను తాను తగ్గాలన్నాడు మరి!

దేవుణ్ని నమ్మినా నమ్మకపోయినా ఇది మనకి పట్టాల్సిన సంగతే. చదువురాని అవ్వ ఎక్కువసార్లు విన్న పేరునే నమ్ముతుంది, పింఛను డబ్బుల్లోంచి కానుక తీస్తుంది.

ఇప్పుడు మనవాళ్లే కొందరు కువి, కోయ భాషల్లో రికార్డు చేసి ఫోన్లలో పంపుతున్నారు. మన భాష వినపడుతోంది, చాలా సంతోషం. కానీ ఈమధ్య విన్న ఒకదానిలో మన తమ్ముడి పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. తమ్ముడూ, నీ గొంతు మాకు తెలుసు. పేరు చివర్లో ఒక్కసారి చెప్పు చాలు. మిగిలిన టైంలో అవ్వకి ఇంకో కథ చెప్పు.