బండి కూడా అమానతే



కర్నూలు నుంచి ఏ ఖాలా ఫోన్ చేసినా, ఏ మామూ ఫోన్ చేసినా, సలామ్, ఖైరియత్ అయిపోగానే వచ్చే సవాల్ ఒక్కటే: "ఇంకా ఆ పాత డబ్బా ఉందా, అమ్మేసినావా?"

ఉంది. లెస్టర్‌లో మా ఇంటి ముందు 1974 ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్ నిలబడి ఉంది. కింద నారింజ రంగు, పైన తెలుపు. వెనక సీటు మడిస్తే మంచం. పక్కన చిన్న గ్యాసు పొయ్యి, సింకు, పైకి లేచే కప్పు. ఈ షౌక్ ఎలా పట్టిందని చాలామంది అడిగారు. ఈరోజు రాస్తున్నది షౌక్ గురించి కాదు, ఆ షౌక్‌లో నేను చేసిన ఒక గల్తీ గురించి. మీ ఇంట్లో ఉన్నది పాత మారుతీ అయినా, స్కూటర్ అయినా, బాత్ ఒకటే కాబట్టి రాస్తున్నాను.

మా అబ్బా కర్నూల్లో లారీ మిస్త్రీ. షెడ్డులో రాత్రంతా నిలబడిన లారీని పొద్దున్నే కొంచెం ముందుకు కదిలించి, అది నిలబడిన నేలను చూసేవారు. తడి ఉంటే వేలితో అద్ది వాసన చూసేవారు. ఆయిలా, డీజిలా, నీళ్లా? "బండికి నోరు లేదురా, చుక్కతోనే మాట్లాడుతాది" అనేవారు. ఆయన ఇంతిఖాల్ అయిన మరుసటి ఏడాది నేను ఈ వ్యాన్ కొన్నాను. ఎందుకు కొన్నానో ఇంట్లో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఈ రకం వ్యాన్ల తయారీ 1950లో జర్మనీలో మొదలైంది. బ్రెజిల్‌లో 2013 దాకా నడిచింది. అందుకే యాభై ఏళ్ల బండికి ఇప్పటికీ సామాన్లు దొరుకుతాయి, ఇంట్లోనే రిపేర్ చేసుకోవచ్చు. ఇంజిన్ వెనక ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పని లేదు, గాలితోనే చల్లబడుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. పిల్లలు పడుకునే మంచం సరిగ్గా ఆ ఇంజిన్ పైకి వస్తుంది.

బ్రిటన్‌లో బండ్లకు ఏటేటా ఎంఓటీ అనే తనిఖీ ఉంటుంది. 2018 మే నుంచి, నలభై ఏళ్లు దాటి పెద్ద మార్పులేవీ చేయని బండ్లకు అది మాఫ్ చేశారు. నేను ఖుష్ అయిపోయాను. పైసలు మిగిలాయి, సెలవు పెట్టే పని తప్పింది. హుకూమత్ అడగడం మానేస్తే జిమ్మేదారీ పూర్తిగా నా మీద పడిందన్న మాట అప్పుడు తట్టలేదు.

ఒకరోజు మా బేగం అంది: "సునో, నా దుపట్టాకు పెట్రోల్ వాసన వస్తోంది." నేను నవ్వి, "పాత బండి కదా, అట్లాగే ఉంటుంది" అన్నాను. రెండు వారాల తర్వాత మళ్లీ అంది. మళ్లీ అదే జవాబు. మూడోసారి అనలేదు. వాసన పోయిందేమో అనుకున్నాను. ఆమె చెప్పడం మానేసిందని అనుకోలేదు.

ఆ వేసవిలో అమ్మీ కర్నూలు నుంచి వచ్చింది. పిల్లలకు సెలవులు. అందరం కలిసి లేక్ డిస్ట్రిక్ట్ పోదామని, అక్కడి కొండలు, చెరువులు అమ్మీకి చూపిద్దామని నియ్యత్ చేసుకున్నాం. బయల్దేరే ముందు రోజు బియ్యం, మసాలాలు, దస్తర్‌ఖాన్, జానమాజ్‌లు అన్నీ బండిలో సర్దాం. డ్యాష్‌బోర్డు మీద సఫర్ దువా స్టిక్కర్ కూడా కొత్తది అతికించాను.

మగ్రిబ్ తర్వాత అమ్మీ బండిలో కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటూ ఉంది. నన్ను పిలిచింది. "బేటా, పెట్రోల్ కీ బాస్ ఆరీ."

"పాత బండి అమ్మీ, అట్లాగే ఉంటాది."

అమ్మీ నా ముఖం చూసి మెల్లగా అంది: "మీ అబ్బా అయితే చూసుండేవారు."

ఆ రాత్రి టార్చ్ వేసి చూశాను, ఏమీ కనపడలేదు. ఫజర్ తర్వాత వెలుతురు వచ్చాక మళ్లీ ఇంజిన్ మూత తెరిచి, ఈసారి కళ్లతో కాకుండా చేత్తో చూశాను. పెట్రోల్ పంపుకు వచ్చే పైపు అడుగున వేలు పెడితే తడి తగిలింది. పైపును కొంచెం వంచగానే పగుళ్లు నోళ్లు తెరిచాయి. పాత పైపుకు పైన నూలు అల్లిక ఉంటుంది. లోపల రబ్బరు చచ్చిపోయినా పైకి కొత్తదానిలా కనపడుతుంది.

ఈ ఇంజిన్‌లో పంపు పక్కనే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది. నిప్పురవ్వను నాలుగు ప్లగ్గులకు పంచేది అదే. కారే పైపు, వేడి ఇంజిన్, రవ్వ, మూడూ జానెడు జాగాలో. పైగా ఇంజిన్ కేసు మెగ్నీషియం కలిపిన లోహం. అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, మంట ఇంకా పెరుగుతుంది. వీటన్నిటి పైన మంచం. రెండు గంటల్లో ఆ మంచం మీద నా ఇద్దరు పిల్లలు కూర్చోవాలి. కాళ్లలో సత్తువ పోయింది. అక్కడే కింద కూర్చుండిపోయాను.

సఫర్ ఆగిపోయింది. పిల్లలు ఏడ్చారు. బేగంకు తడిసిన వేలు చూపించాను. కోపం చేయలేదు. "నేను చెబితే పాత బండి, అమ్మీ చెబితే పైపు" అంది, అంతే. నా దగ్గర జవాబు లేదు. పిల్లల ముందే మాఫీ అడిగాను. నా గల్తీ పైపు చూడకపోవడం ఒక్కటే కాదు. ఇంట్లో మనిషి రెండుసార్లు చెప్పిన మాటను పాత బండి మీదకు నెట్టేయడం.

ఇక మెహనత్ మొదలైంది. ఈ బండిలో టాంకు ఇంజిన్‌కు ముందు, ఒక రేకు అవతల ఉంటుంది. అక్కడి పైపు మార్చాలంటే ఇంజిన్ దించాలి. మసీదులో పరిచయమైన ఒక భాయ్ సాయానికి వచ్చాడు. బ్యాటరీ విప్పి, టాంకు ఖాళీ చేసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, గేర్‌బాక్స్‌కు పట్టే నాలుగు బోల్టులు, వెనక సపోర్టు విప్పి, జాకీ మీద మెల్లగా దించాం. ఉత్త జాకీ మీద నిలబడిన బండి కిందికి ఎవరూ దూరకండి. అబ్బా షెడ్డులో మొదటి ఉసూల్ అదే.

టాంకు నుంచి కార్బురేటర్ దాకా ఒక్క పాత ముక్క కూడా మిగల్చలేదు. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడి మామూలు పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ ఉండవచ్చు. పాత రబ్బరును అది తినేస్తుంది. అందుకే ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకం పైపు, ప్రతి చివరా కొత్త క్లిప్పు వేశాం. ఇథనాల్ తక్కువగా ఉండే ఈ5 పెట్రోలే పోస్తున్నాను. పైపు ఖర్చు మేము ఒక పూట బయట తిన్న ఖర్చంత కూడా కాలేదు. దాని కోసం ఎంత పోగొట్టుకోబోయానో తలుచుకుంటే ఇప్పటికీ ఫజర్ నమాజులో గొంతు పట్టేస్తుంది.

ఇంజిన్ తిరిగి ఎక్కించాక, పన్నెండేళ్ల మా పెద్దోడికి వాల్వులు సెట్ చేయడం నేర్పాను. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి కాబట్టి, ఫజర్ తర్వాతి టైమే దీనికి మంచిది. ప్రతి వాల్వ్ దగ్గర సందు 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ రేకు కొంచెం పట్టి పట్టి జారాలి. "అబ్బా, టకటక చప్పుడు చేసేదే చెడిపోయిందా?" అని వాడు అడిగాడు. చాలావరకు ఉల్టా అని చెప్పాను. సందు ఎక్కువైతే చప్పుడొస్తుంది, మనకు తెలిసిపోతుంది. సందు పూర్తిగా పోతే చప్పుడే ఉండదు. కానీ వాల్వ్ గట్టిగా మూసుకోదు, వేడి దిగిపోయే దారి లేక కాలిపోతుంది. చివరికి తల తెగి లోపల పడితే ఇంజిన్ ఖతమ్. చప్పుడు చేసే వాల్వ్ కంటే చప్పుడు మానేసిన వాల్వ్ గురించే ఎక్కువ ఫికర్ చేయాలి. ఆ మాట చెబుతూ వంటింటి కిటికీ వైపు చూశాను. బేగం చాయ్ పెడుతోంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక ఖాయిదా ఉంది. శనివారం పొద్దున బండిని కొంచెం కదిలించి నేల చూస్తాం. ఆయిల్ కొలుస్తాం. ఈ ఇంజిన్‌లో పట్టేది రెండున్నర లీటర్లే, కాగితం ఫిల్టర్ కూడా లేదు, ఉత్త జాలీ. అందుకే ప్రతి మూడు వేల మైళ్లకు మార్చాల్సిందే. పైపులన్నీ చేత్తో తడుముతాం. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కి చూస్తాం, ఎందుకంటే ఆ విషానికి వాసన లేదు, అమ్మీ ముక్కు కూడా పట్టలేదు. మంటలార్పే సిలిండర్ డ్రైవర్ సీటు పక్కనే ఉంటుంది. పెద్దోడు తారీఖు, మైళ్లు, చేసిన పని నోటుబుక్కులో రాస్తాడు. చివర బేగం బండి ఎక్కి వాసన చూసి సంతకం చేయాలి. ఆమె సంతకం లేకుండా తాళం తిరగదు. మాఫ్ చేసిన ఎంఓటీకి కూడా ఏటా నేనే తీసుకెళ్తున్నాను.

కొందరు అంటారు, అల్లాహ్ మీద తవక్కుల్ ఉంటే చాలదా అని. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న హదీసు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను దువా స్టిక్కర్ అతికించాను, ఒంటెను మాత్రం కట్టలేదు. బండి నాది, పైసలు నావి అనుకున్నాను. అందులో కూర్చునే ప్రాణాలు నావి కావు, అమానత్. దాని హిసాబ్ ఏ ఇన్‌స్పెక్టర్ అడగకపోయినా ఒకరోజు ఇవ్వాల్సిందే.

మూడు వారాల తర్వాత, అమ్మీ తిరిగి వెళ్లే లోపే, అల్హందులిల్లాహ్, లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లాం. విండర్మియర్ చెరువు ఒడ్డున జానమాజ్ పరిచి, ఖిబ్లా కోసం ఆగ్నేయం వైపు తిరిగి అసర్ చదివాం. బేగం పొయ్యి మీద ఖిచిడీ చేసింది. అమ్మీ మాత్రం ముందు బండి వెనక్కి వెళ్లి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, నేల చూసింది.

"సూఖా హై" అంది. పొడిగా ఉంది.

ఇప్పుడు కర్నూలు నుంచి ప్రతి శనివారం ఫోన్ చేస్తుంది. బండి అమ్మేసినావా అని అడగదు. "నేల చూసినావా?" అని అడుగుతుంది.