నల్లా నీళ్ల దారి పట్టుకుని

సైదాబాద్ ఐ.ఎస్.సదన్ చౌరస్తా నుంచి చంపాపేట్ వైపు వెళ్లే రోడ్డును ఇక్కడివాళ్లు సాగర్ రోడ్డనే అంటారు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి మీదుగా, బి.ఎన్.రెడ్డి నగర్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం దాటి, నూటయాభై కిలోమీటర్ల దూరాన నాగార్జునసాగర్ దగ్గర కృష్ణానది ఒడ్డుకు చేరుస్తుంది ఈ రోడ్డు. ఇదే దిక్కున, ఎదురుగా, ఆ నది నగరానికి వస్తోంది. సైదాబాద్, సంతోష్‌నగర్, చంపాపేట్ పేటల్లో జనం నల్లా ఎప్పుడు వస్తుందా అని చూసేది ఆ నీళ్ల కోసమే.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేశాక 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. చాలా ఏళ్లు ఆ రెండు చెరువులే హైదరాబాద్ గొంతు తడిపాయి. తరువాత మంజీరా, సింగూరు తోడయ్యాయి. అవీ చాలక 2004లో కృష్ణా నీళ్లు తొలి దశగా వచ్చాయి. మూడు దశలూ పూర్తయ్యాక రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే 120 కోట్ల లీటర్ల పైచిలుకు నీరు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి నగరం చేరుతోంది.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న నదిని సైదాబాద్ జనం ఎలా చూస్తున్నారు? శనివారం రాత్రి బండెక్కి, తెల్లవారుజామున శ్రీశైలం చేరి, క్యూలో నిలబడి దర్శనం చేసుకుని, ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం ఒక పద్ధతి. ఆగస్టులో గేట్లు ఎత్తారని టీవీలో చూసి పరుగెత్తి, ట్రాఫిక్‌లో చిక్కుకుని, నాలుగు ఫోటోలు దిగి రావడం ఇంకొక పద్ధతి. కొండల మధ్య పడవ ప్రయాణం కావాలంటే కేరళ వెళ్లాలని, ఇంకాస్త డబ్బుంటే వియత్నాం వెళ్లాలని అనుకునేవాళ్లకు చెప్పవలసిన మాట ఒకటుంది. సాగర్ రోడ్డున వెళ్లి, నది మీదుగా శ్రీశైలం చేరి, నల్లమల గుండా తిరిగి వచ్చే చుట్టు ప్రయాణం వాటికి ఏమాత్రం తీసిపోదు. కావలసిందల్లా మూడు నాలుగు రోజుల తీరిక, చెప్పిన చోట ఆగే సొంత బండి లేదా కిరాయి బండి.

కిరాయి బండి మాట్లాడుకోవడం సైదాబాద్‌లో కష్టమేమీ కాదు. కిలోమీటరుకు ఇంత, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరే. ఇవన్నీ ముందే తేల్చుకుంటే దారిలో పేచీ ఉండదు. ముసలివాళ్లు, పిల్లలు కలిసి ఏడుగురు వెళ్తుంటే బస్సుకన్నా ఇదే నయం. బస్సు గమ్యం దగ్గరే ఆగుతుంది. ఈ ప్రయాణంలో చూడవలసినవేమో సగానికి సగం దారిలోనే ఉన్నాయి.

మొదటిది ఇబ్రహీంపట్నం పెద్దచెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటిది. వానలు బాగా పడిన ఏడు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనబడదు. దాని తరువాత గున్‌గల్. అక్కడ జలమండలి రిజర్వాయర్ ఉంది. సాగర్ నుంచి వచ్చే నీరు ఇక్కడ ఆగి, నగరం అంచున ఉన్న సాహెబ్‌నగర్‌కు వెళ్తుంది. యాచారం దాటితే మాల్. మాల్ సంతకు చుట్టుపక్కల మూడు నాలుగు మండలాల రైతులు పశువులను తోలుకొస్తారు. చింతపల్లి చేరేసరికి రోడ్డుకు రెండు వైపులా బత్తాయి తోటలు మొదలవుతాయి. కాయ తెంపే రోజుల్లో తోట పక్కనే కుప్ప పోసి అమ్ముతారు. అక్కడ బండి ఆపి ఒక కాయ ఒలుచుకుని తింటే నగరంలో బండి మీద తాగిన జ్యూస్‌కీ దీనికీ పోలిక లేదని తెలిసిపోతుంది.

ఆ చుట్టుపక్కలదే మర్రిగూడ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన మనుషుల ఊళ్లుగా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పేర్లు దేశమంతా తెలిశాయి. బోరు నీరే దిక్కైన కాలంలో ఇక్కడ రెండు తరాలు నలిగిపోయాయి. కృష్ణా నీటి కోసం నల్లగొండ జిల్లా ఏళ్ల తరబడి పోరాడింది. నగరానికి నీరిచ్చే ఎత్తిపోతల పథకమే ఈ జిల్లా పొలాలకు, ఫ్లోరైడ్ ఊళ్లకు కూడా నీరిచ్చింది. హాయిగా సాగే విహారంలో ఈ మాట ఎందుకని అనిపించవచ్చు. సైదాబాద్ నల్లా నీళ్ల కథలో ఇది కూడా ఒక భాగం. దీన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు.

మల్లేపల్లి, అంగడిపేట దాటాక కోదండాపూర్. నగరం తాగే కృష్ణా నీళ్లను శుద్ధి చేసేది ఇక్కడే. దీనికి నీరు అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి వస్తుంది. అక్కంపల్లికి పుట్టంగండి దగ్గర సాగర్ వెనుక జలాల్లోంచి పంపులు ఎత్తిపోస్తాయి. ఎ.ఎం.ఆర్.పి. అని అందరూ పిలిచే ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ఇదే. సాగర్ నీటిమట్టం 510 అడుగుల కిందికి జారిందంటే అత్యవసర పంపులు దించవలసి వస్తుంది. ఎండాకాలం పేపర్లో సాగర్ మట్టం ఎంతో చూసి హైదరాబాద్ ఇల్లాళ్లు డ్రమ్ములు నింపుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

పెద్దవూర దాటాక కొండలు దగ్గరవుతాయి, గాలి మారుతుంది. కాసేపటికి డ్యామ్.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుదల లేకపోతే ఈ ప్రాజెక్టు ఈ చోట వచ్చేదే కాదంటారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ఇది కాంక్రీటు గోడ కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టినది. వెదురు బొంగుల సారువ మీద వేలమంది కూలీలు వరసలు కట్టి, తలల మీద రాళ్లు మోసుకుంటూ పైకెక్కుతున్న నాటి ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని ఒకసారి చూసి డ్యామ్ ముందు నిలబడితే గేట్ల మీదికి కాదు, గోడలోని రాళ్ల మీదికి పోతుంది చూపు.

కట్ట వెనక మునిగిపోయినది ఒక రాజధాని. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి. 1926లో ఎ.ఆర్.సరస్వతి ఈ లోయలో శిథిలాలు కనుక్కున్నారు. లాంగ్‌హర్స్ట్ తొలి తవ్వకాలు జరిపారు. డ్యామ్ ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ నీటితో పందెం వేసినట్టు పనిచేసింది. తవ్వినవాటిలో ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుక విప్పి, కొన్నిటిని నాగార్జునకొండ మీద, కొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. కొండ ఇప్పుడు ద్వీపం. లాంచీ దిగి మెట్లెక్కి వెళ్తే మ్యూజియం.

చాలామంది అరగంటలో చుట్టేసి లాంచీకి పరుగెత్తే ఈ మ్యూజియంలో ఒక పూట గడపాలి. పల్నాడు సున్నపురాయి మీద చెక్కిన మాంధాత జాతకం దగ్గర, నిలువెత్తు బుద్ధుడి దగ్గర తప్పక ఆగాలి. శాసనాల్లో కనిపించే ఆడవాళ్ల పేర్లు మరీ ఆసక్తికరం. మహాచైత్యాన్ని కట్టించినది రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ. రాజవంశంతో సంబంధం లేని బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ భిక్షువుల బోధ కశ్మీరం, గాంధారం, చీనా, వంగం, తామ్రపర్ణి ద్వీపం దాకా సాగిందని శాసనం వేయించింది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయ ఎంత లోకం చూసిందో ఆ ఒక్క రాయి చెబుతుంది. అనుపులోని రంగస్థలం మెట్ల మీద కూర్చుంటే పిల్లలు కూడా కాసేపు గొడవ మానేస్తారు. అటు మాచర్ల దారిలో చంద్రవంక నది డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల జలపాతం, కింద మొసళ్ల పెంపక కేంద్రం. వానాకాలమైతే అక్కడొక సాయంత్రం ఉంచుకోవాలి.

సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ అన్ని రోజులూ ఉండదు. జలాశయం నిండుగా ఉన్న నెలల్లోనే, అదీ పర్యాటక శాఖ ప్రకటించిన రోజుల్లోనే నడుస్తుంది. సుమారు 110 కిలోమీటర్ల దూరం, దాదాపు రోజంతా ప్రయాణం. కిరాయి బండి ఉన్నవాళ్లకు ఇక్కడే సౌకర్యం. మనుషులు లాంచీ ఎక్కితే డ్రైవర్ దేవరకొండ, డిండి మీదుగా బండి తీసుకుని సాయంత్రానికి శ్రీశైలం దగ్గర కలుస్తాడు. సామాన్లు మోసే పనే ఉండదు.

మొదటి గంట నది నదిలా ఉండదు, సముద్రంలా ఉంటుంది. నాగార్జునకొండ వెనక్కి జరిగాక ఒడ్లు దగ్గరకు రావడం మొదలవుతుంది. కుడి చేతి వైపు తెలంగాణ, ఎడమ చేతి వైపు ఆంధ్రప్రదేశ్. రెండు వైపులా నల్లమల అడవే, రెండూ పులుల అభయారణ్యాలే. ఇటు అమ్రాబాద్, అటు దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రటి రాతి గోడలు నీళ్లలోంచి నిటారుగా లేస్తాయి. పగుళ్లలో వేళ్లూనిన రావి మొక్కలు, పైన వెదురు, ఆకు రాలిన చోట బూడిద రంగు కొమ్మలు. మలుపు తిరిగిన ప్రతిసారీ దారి మూసుకుపోయిందనిపిస్తుంది, మళ్లీ తెరుచుకుంటుంది. మధ్యాహ్నం దాటాక ఫోన్లకు సిగ్నల్ ఉండదు. పేకాట మొదలుపెట్టినవాళ్లు కూడా ముక్కలు పక్కన పెట్టి పైకొచ్చి నిలబడతారు.

లాంచీ ఆగేది లింగాలగట్టు. శ్రీశైలం డ్యామ్ కాళ్ల దగ్గరి జాలరుల ఊరు. అప్పుడే పట్టిన చేపను మసాలా పూసి కళ్లముందే వేయించి ఇస్తారు. పైకి చూస్తే 12 గేట్ల డ్యామ్. 885 అడుగుల పూర్తి మట్టానికి నీరు చేరితే గేట్లెత్తుతారు. దీని వెనక కూడా ఊళ్లు మునిగాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు 1981 ప్రాంతంలో ఖాళీ అయ్యాయి. కృష్ణా, భవనాశి నదులు కలిసే చోటి సంగమేశ్వరం గుడి ఇప్పటికీ ఏడాదిలో ఎక్కువ నెలలు నీటిలోనే ఉండి వేసవిలో బయటపడుతుంది.

శ్రీశైలంలో దర్శనం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దర్శనం అయ్యాక గుడి బయటి ప్రాకారం చుట్టూ ఒక్కసారి నడవండి. ఏనుగులు, గుర్రాలు, వేట, కుస్తీ, శివకథలు, రాయి తరువాత రాయి బొమ్మలే. చెంచులు మల్లన్నను తమ అల్లుడంటారు. గుడి కన్నా ముందు అడవి ఉంది, అడవిలో వాళ్లున్నారు. పాతాళగంగ నుంచి పడవలో ఎగువకు వెళ్తే అక్కమహాదేవి గుహలు. పన్నెండో శతాబ్దపు కన్నడ వచనకవయిత్రి తపస్సు చేసిందని చెప్పే ఆ చోట, గుహ ముందు సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. ఈ ప్రయాణంలో ఒక్క రోజే మిగిలితే దాన్ని ఇక్కడే ఖర్చు పెట్టాలి.

తిరుగు దారిలో డ్యామ్ దిగువన వంతెన దాటి తెలంగాణ వైపు ఎక్కితే ఈగలపెంట, దోమలపెంట. నగరానికి ఈ నదితో ఉన్న లంకె ఇక్కడ మళ్లీ తగులుతుంది. శ్రీశైలం నీటిని పంపుల్లేకుండా నల్లగొండ వైపు మళ్లించాలని సుమారు 44 కిలోమీటర్ల శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్.ఎల్.బి.సి.) సొరంగం తవ్వుతున్నది దోమలపెంట దగ్గరి నుంచే. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఒక్కరు కూడా ప్రాణాలతో బయటికి రాలేదు. 2020 ఆగస్టులో ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. నీళ్లూ కరెంటూ నగరం చేరేదాకా ఎవరెవరి ప్రాణాలు పోయాయో ఈ కొండల్లో నిలబడి తలచుకోవడం యాత్రకు అపశకునం కాదు, మర్యాద.

దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూపాయింట్‌లో దిగి చూస్తే లోయలోంచి పాయలు పాయలుగా సాగిన కృష్ణ కనిపిస్తుంది. తరువాత వటవర్లపల్లి, మల్లెల తీర్థం, ఫర్హాబాద్, మన్ననూరు. ఈ పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, చెంచుల మధ్య ఉండి మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వెలువడింది. అప్పటి వేట, సంచారం ఇప్పుడు లేవు. కొండ అంచుకు తాడు కట్టుకుని వేలాడుతూ తేనె తీసే నేర్పు మాత్రం ఉంది.

శ్రీశైలంలో భోజనం ఆలస్యమైతే ఈ దారి తెలిసిన డ్రైవర్లు తొందర పెడతారు. “అమ్మా, తొమ్మిదింటికి గేటు బంద్ చేస్తరు. తిన్నంక జల్ది బయలెల్లాలె” అంటారు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారిలో బండ్లు వదలరు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. మన్ననూరు దాటాక డిండి, కల్వకుర్తి పక్క నుంచి ఆమన్‌గల్, కడ్తాల్, తుక్కుగూడ, చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్. చీకటి పడకముందే అడవి దాటితే రాత్రి భోజనం ఇంట్లోనే.

వెళ్లేవాళ్లు సాగర్‌లో నీరు నిండుగా ఉన్న నెలలు చూసుకోండి. లాంచీ తేదీలు ముందే కనుక్కోండి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. తేనె కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. అమ్రాబాద్ అడవిలో వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది, ఇంటి నుంచి స్టీలు సీసాలు పట్టుకెళ్లండి. రోడ్డు పక్క కోతులకు అరటిపండ్లు విసరకండి. తిండి కోసం రోడ్డెక్కడం అలవాటైన కోతులు అక్కడే బండ్ల కింద పడి చస్తున్నాయి.