బాన్సువాడ పొలాల్లో ఇటలీ సూపర్‌కారు చుట్టాలు

బాన్సువాడలో ఇటలీ సూపర్‌కారు లేదు. ముందే చెప్పేస్తున్నా, వెతుక్కోకండి. కానీ దాని చుట్టాలు మాత్రం ఏ రోడ్డు మీద నిలబడినా కనిపిస్తాయి. ఎర్ర రంగు, టైర్లకు బురద, వెనకాల ట్రాలీ. మహీంద్రా ట్రాక్టర్లు!

చుట్టరికం ఎలాగంటారా? ఇటలీలో టురిన్ దగ్గర పినిన్‌ఫరీనా అనే డిజైన్ కంపెనీ ఉంది. 1930లో మొదలైంది. టెస్టరోసా, ఎఫ్40, ఎంజో లాంటి ఫెరారీలకు రూపం దిద్దింది వాళ్లే. 2015 డిసెంబరులో దాన్ని కొంటున్నట్టు మన మహీంద్రా ప్రకటించింది. ఆ పేరుతోనే 2018లో కార్ల కంపెనీ కూడా పెట్టింది. మరుసటి ఏడాది జెనీవా మోటార్ షోలో 'బటీస్టా' బయటికొచ్చింది. బటీస్టా 'పినిన్' ఫరీనా అని, కంపెనీ పెట్టిన పెద్దాయన పేరే కారుకు పెట్టారు. పూర్తిగా కరెంటు బండి. ప్రపంచం మొత్తానికి 150 మాత్రమే, చేత్తో కట్టి కలెక్టర్లకు అమ్మడానికి. ఒక్కోటి 20 లక్షల యూరోల పైనే. దిగుమతి పన్నులు వేరే.

ఇదే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో ఉంది. బాన్సువాడ నుంచి పిట్లం మీదుగా వెళ్తే వంద కిలోమీటర్ల చిల్లర. 2013 నుంచి అక్కడ 3 లక్షలకు పైగా ట్రాక్టర్లు తయారయ్యాయి. అక్కడ 150, ఇక్కడ 3 లక్షలు.

నేను వెళ్లింది వానకాలం నాట్లప్పుడు. హైదరాబాద్ నుంచి మెదక్, ఎల్లారెడ్డి మీదుగా బాన్సువాడ దగ్గర పడుతుంటే రోడ్డుకు రెండు వైపులా నీళ్లు నిలిచిన మళ్లే. ఇదంతా నిజాంసాగర్ చలవ. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన ప్రాజెక్టు అది. కాలువ వచ్చింది, వరి వచ్చింది, వరి వెనకే ట్రాక్టరు వచ్చింది. కరిగెట దున్నేటప్పుడు వెనక టైర్లకు ఇనుప కేజ్‌వీల్స్ తగిలిస్తారు. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు చెక్కుకుపోతుంది. వద్దని ఎంత చెప్పినా ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు, ఆ గాట్లు చూస్తే తెలిసిపోతుంది.

ఒక మడి గట్టు దగ్గర ట్రాక్టర్ ఆపి చాయ్ తాగుతున్న పెద్దాయనకు ఫోన్‌లో బటీస్టా వీడియో చూపించాను.

"ఏంది తమ్మీ గది, కారా ఇమానమా?"

"కారే కాకా. 1.86 సెకన్లల్ల వంద స్పీడు అందుకుంటది."

"హార్స్‌పవర్ ఎంత?"

ట్రాక్టర్ నడిపే మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. 1,900 అన్నాను. నమ్మలేదు. ఆయన బండి 45. అంటే అలాంటివి నలభైకి పైగా కట్టగట్టినంత బలం, ఇద్దరు కూర్చునే కారులో! ఇంకో లెక్క చెప్పాను: 5 హార్స్‌పవర్ బోరు మోటార్లు 380 ఒకేసారి ఆన్ చేసినట్టు. దానికి మాత్రం కాక గట్టిగా నవ్వాడు. "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది!"

ఆ బలం వెనక రేసింగ్ కథ ఉంది. ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసుల్లో మహీంద్రా టీమ్ 2014లో మొదటి సీజన్ నుంచే ఉంది. ఆ అనుభవమే బటీస్టాకు పనికొచ్చింది. ఫార్ములా వన్‌లోనూ, మహీంద్రా టీమ్‌లోనూ నడిపిన నిక్ హైడ్‌ఫెల్డ్ దీన్ని తీర్చిదిద్దే పనిలో ఉన్నాడు. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు. ఏ చక్రానికి ఎంత బలం పంపాలో కంప్యూటర్ క్షణక్షణం తేలుస్తుంది. బ్రేక్ వేస్తే ఆ వేగం మళ్లీ కరెంటై బ్యాటరీలోకి పోతుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, అప్పుడు బటీస్టా కూడా హైదరాబాద్ వచ్చింది. పెట్రోల్ బంకులో నిలబడ్డ వీడియో తెగ తిరిగింది. పెట్రోలే తాగని బండికి బంకులో ఏం పనని జనం ఒకటే జోకులు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. దాని చుట్టూ నడిచిన రాజకీయం ఇక్కడ మనకొద్దు. నాకు గుర్తుండేది ఆ ఒక్క మధ్యాహ్నమే.

కాక మాత్రం రేసు దగ్గర ఆగలేదు. "బండి కింద జాగ ఎంతుంటది?"

"జానెడు కూడ ఉండదు."

"గట్లయితే మా ఊరి స్పీడ్ బ్రేకర్ కాడ్నే కూసుంటది."

నిజమే. కోతలప్పుడైతే ఇక్కడ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గంటకు 350 కిలోమీటర్ల వేగం ఎక్కడ చూపిస్తారు? ఇండోర్ దగ్గర నాట్రాక్స్ టెస్ట్ ట్రాక్ మీద నరైన్ కార్తికేయన్ ఆ వేగం దాటించాడు. అలాంటి చోట తప్ప మన దేశంలో దానికి రోడ్డే లేదు.

అయినా ఆ మోటారును తీసిపారేయలేం. ఎలక్ట్రిక్ మోటారు గొప్పతనం మొదటి క్షణం నుంచే పూర్తి గుంజుడు బలం ఇవ్వడం. బురదలో కూరుకున్న చక్రానికి కావాల్సింది సరిగ్గా అదే. ఏ చక్రం జారుతుందో చూసి, దానికి తగ్గించి పక్క చక్రానికి బలం పంపే తెలివి కరిగెట మడిలో ఉంటే? కోటీశ్వరుల గ్యారేజీలో 150 కార్లకు ఉన్నదాని కన్నా ఇక్కడ దానికి పది రెట్లు పని. బటీస్టా బ్యాటరీ 120 యూనిట్లు. 5 హార్స్‌పవర్ బోరును దాదాపు 28 గంటలు నడిపే కరెంటు అది. కారు ఫుల్ బలంతో పరిగెడితే మాత్రం లెక్క ప్రకారం ఐదు నిమిషాల్లో ఖాళీ.

ఈ లెక్క చెప్పగానే కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఛార్జింగ్ ఎంతసేపు?"

పెద్ద ఛార్జర్ ఉంటే 20 శాతం నుంచి 80 దాకా 25 నిమిషాలన్నాను.

"కారు ఆళ్లనే పెట్టుకొమ్మను. గా మోటరు జహీరాబాద్‌కు పంపమను. డీజిల్‌కే సగం పైసలు పోతున్నయ్."

ఇంకా అరెకరం మిగిలిందంటూ లేచాడు. కేజ్‌వీల్స్ బురదను చిమ్ముకుంటూ మళ్లోకి దిగాయి. వెనకాలే కొంగలు.